లాంగ్ రైడ్‌కి ఏ బండి కొనాలి? సరిహద్దు ఘాట్ల లెక్క

లాంగ్ రైడ్‌కి బండి కొనాలనుకునేవాళ్లు, ఆంధ్రా సరిహద్దున ఉన్న మన ఒడిశా ఊళ్లలో, రాయగడలో ఉన్నా, జయపురంలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా ముందు అడిగేది ఒకటే: "ఎన్ని సీసీ?" ఆ వెంటనే "టాప్ స్పీడ్ ఎంత?" ఈ రెండు ప్రశ్నలతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది తమకు సరిపడని బండి దగ్గర ఆగుతున్నారు. మొదట అడగాల్సింది వేరే ఉంది. మీరు తరచూ వెళ్లే దారిలో బండి ఎక్కడ అన్నిటికంటే నెమ్మదిగా నడుస్తుంది? ఆ చోట మిమ్మల్ని అలసిపోనివ్వని బండి ఏదో చూసుకుంటే మిగతా లెక్కలన్నీ వాటంతటవే తేలతాయి.

మన దారులనే తీసుకోండి. కోరాపుట్ నుంచి వైజాగ్ వెళ్లాలంటే సెమిలిగూడ, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు ఘాట్ దిగాలి. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, సాలూరు దాదాపు మైదానం. మధ్యలో ఉన్నవన్నీ మలుపులు, ఆ మలుపుల్లో ముక్కుతూ మూలుగుతూ ఎక్కే సరుకు లారీలు. రాయగడ నుంచి కోరాపుట్ వైపు వెళ్లినా లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ దగ్గర కొండలే. పర్లాకిమిడి వాళ్ల పరిస్థితి కొంచెం నయం. పాతపట్నం మీదుగా టెక్కలి చేరితే 16వ నంబరు జాతీయ రహదారి దొరుకుతుంది. అదే పర్లాకిమిడి మనిషి మోహనా వైపు తిరిగితే మళ్లీ ఘాట్లే. అంటే ఒకే జిల్లాలో పక్కపక్క ఇళ్లలో ఉన్న ఇద్దరికి, వాళ్లు ఎటు ఎక్కువ తిరుగుతారన్నదాన్ని బట్టి, రెండు వేరు వేరు బండ్లు సరిపోతాయి.

ఇప్పుడు ఒక లెక్క. 300 కిలోమీటర్ల ప్రయాణం అనుకుందాం. 200 మంచి హైవే, 100 ఘాట్లు, ఊళ్లు, గతుకులు. హైవే మీద సగటున 80తో వెళ్తే రెండున్నర గంటలు. మిగతా 100 కిలోమీటర్లకు 30 సగటుతో 3 గంటల 20 నిమిషాలు. పెద్ద ఇంజిన్ బండి కొని హైవే సగటును 100కి తీసుకెళ్లారనుకోండి, మిగిలేది 30 నిమిషాలు. అలా కాకుండా హైవే మీద 80కే ఉండి, గతుకుల్లో ఒళ్లు హూనం చేయని సస్పెన్షన్, మలుపుల్లో తేలిగ్గా తిరిగే హ్యాండిల్ ఉన్న బండితో ఆ 30 సగటును 36 చేస్తే 33 నిమిషాలు మిగులుతాయి. గంటకు 6 కిలోమీటర్లు పెరిగితే చాలు, 20 పెరిగినంత లాభం.

ఆ 20 ఊరికే రాదు కూడా. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది, ఆ గాలిని తోసుకుంటూ పోవడానికి కావలసిన పవర్ ఘనంగా పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే వేగం నాలుగో వంతే పెరిగింది, గాలిని చీల్చడానికి కావలసిన పవర్ మాత్రం దాదాపు రెట్టింపు. వెనక రెండు పక్కలా బ్యాగులు వేలాడుతుంటే ఇంకా ఎక్కువ. పైగా కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లైన్ల హైవే మీద మోటార్‌సైకిల్‌కి గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లే. ఆవులు, గేదెలు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు ఉన్న మన హైవేల మీద ఆ పరిమితి సబబైనదేనని నా నమ్మకం.

అలాగని పవర్ వృథా అని కాదు. అది ఉపయోగపడే చోటు వేరు. 20 హార్స్ పవర్ బండి మీద ఇద్దరు కూర్చుని, సామాను కట్టుకుని 90లో వెళ్తుంటే ఆ ఇంజిన్ దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. ఎదురుగాలి వచ్చినా, చిన్న ఎత్తు వచ్చినా వేగం పడిపోతుంది, హ్యాండిల్‌లో వైబ్రేషన్ మొదలవుతుంది, రెండు గంటలయ్యేసరికి చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి. అదే వేగంలో 40 హార్స్ పవర్ ఇంజిన్ సగం బలంతో నింపాదిగా నడుస్తుంది. లారీని దాటాల్సి వస్తే గేరు మార్చకుండానే దాటుతుంది. కాబట్టి పవర్‌ని టాప్ స్పీడ్ కోసం కాకుండా, మీరు రోజంతా వెళ్లదలచుకున్న వేగంలో ఇంజిన్ దగ్గర ఎంత మిగులుంది అన్న కోణంలో చూడాలి. ఒంటరిగా 75, 80లో వెళ్లేవారికి 20 నుంచి 26 చాలు. భార్యనో, స్నేహితుడినో ఎక్కించుకుని 90లో వెళ్లేవారు 35, 40 దగ్గర చూసుకోవడం మంచిది.

టార్క్ ఎంత అని కాదు, ఎక్కడ వస్తుంది?

షోరూం కాగితంలో టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) అంకె పక్కన ఇంకో అంకె ఉంటుంది, దాన్ని చాలామంది చూడరు. ఆ టార్క్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుందో చెప్పే అంకె అది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియార్ 350కి 27 ఎన్‌ఎం టార్క్ 4000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. పాత కేటీఎం 390 అడ్వెంచర్, అంటే 373 సీసీ ఇంజిన్‌తో వచ్చినది, 37 ఎన్‌ఎం ఇస్తుంది, కానీ 7000 దగ్గర. రాయల్ ఎన్‌ఫీల్డ్‌దే అయిన హిమాలయన్ 450 ఈ రెంటి మధ్యన ఉంటుంది: 5500 దగ్గర 40 ఎన్‌ఎం.

ఘాట్‌లో లారీ వెనక రెండో గేరులో 20లో వెళ్తున్నారు. దారి దొరికింది, యాక్సిలరేటర్ తిప్పారు. కింది ఆర్‌పీఎంలోనే టార్క్ ఇచ్చే ఇంజిన్ అదే గేరులో లాక్కుంటూ పోతుంది. పై ఆర్‌పీఎంలో ఇచ్చే ఇంజిన్ కాసేపు బద్ధకిస్తుంది, లేదా మీరు ఒక గేరు దించాలి. దించితే రెండోదే వేగంగా దూసుకుపోతుంది, ఎందుకంటే దాని మొత్తం పవర్ ఎక్కువ. కానీ రోజులో కొన్ని వందలసార్లు క్లచ్ నొక్కి గేరు మార్చే శ్రమ ఎడమ మణికట్టుకు తెలుస్తుంది. గేర్లు మారుస్తూ నడపడం కొందరికి సరదా, వాళ్లకు కేటీఎం లాంటి బండి నచ్చుతుంది. మూడో గేరులో పడేసి చుట్టూ ఉన్న కొండలు చూసుకుంటూ వెళ్లేవాళ్లు కింది ఆర్‌పీఎంలోనే లాగే 350 సీసీ ఇంజిన్‌తో సుఖపడతారు. ఇందులో తప్పు ఒప్పులు లేవు, మీ స్వభావం మీకు తెలిసి ఉండాలి, అంతే.

దిగేటప్పుడు ఇంకో సంగతి. సుంకి నుంచి సాలూరు వైపు కిందికి వచ్చేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడితే డిస్క్ వేడెక్కుతుంది, ఆ వేడికి బ్రేక్ ఫ్లూయిడ్ మరిగితే లివర్ మెత్తగా అయిపోయి బండి ఆగదు. ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. ఎక్కిన గేరులోనే దిగమని మన లారీ డ్రైవర్లు చెప్పే మాట బైకుకీ వర్తిస్తుంది. హిమాలయన్ 450, కేటీఎం 390, బజాజ్ డామినార్ 400 లాంటి వాటిలో స్లిప్పర్ క్లచ్ ఉంటుంది. గేరు ఒక్కసారిగా దించినా వెనక చక్రం జారిపోకుండా అది కాపాడుతుంది. తడి రోడ్డు మీద ఘాట్ దిగేవారికి ఇది నిజంగా పనికొచ్చే భద్రత.

కూర్చునే తీరు

టూరింగ్ అనగానే చాలామందికి క్రూజర్ గుర్తొస్తుంది. కాళ్లు ముందుకు చాపి, వెనక్కి వాలి, రాజసంగా. సాఫీ హైవే మీద అది బాగుంటుంది. సూపర్ మీటియార్ 650 లాంటి రెండు సిలిండర్ల బండి మీద 16వ నంబరు హైవేలో ఇచ్ఛాపురం నుంచి విజయవాడ దాకా వెళ్లడం ఎంత హాయో నడిపినవాళ్లకు తెలుసు. కానీ కాళ్లు ముందుకు ఉన్నప్పుడు శరీరం బరువంతా నడుము కింద పడుతుంది. గుంత వచ్చినప్పుడు లేచి నిలబడే వీలుండదు, దెబ్బ నేరుగా వెన్నెముకకు తగులుతుంది. పైగా ఆ బండి కింద నేలకూ ఇంజిన్‌కూ మధ్య ఖాళీ 135 మిల్లీమీటర్లే, బరువు 241 కిలోలు. మన ఊళ్లలోకి వెళ్లే రోడ్ల మీద ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆ అంకెల అర్థం తెలుస్తుంది.

హిమాలయన్ లాంటి అడ్వెంచర్ బండ్ల మీద నిటారుగా కూర్చుంటాం, ఫుట్ పెగ్‌లు (కాళ్లు పెట్టుకునే కడ్డీలు) సరిగ్గా మన కిందనే ఉంటాయి. గతుకుల రోడ్డు వచ్చిందంటే పెగ్‌ల మీద నిలబడితే చాలు. మోకాళ్లే సస్పెన్షన్ అవుతాయి, నడుము బతుకుతుంది. 30 సగటును 36 చేసేది ఎక్కువగా ఈ ఒక్క సౌకర్యమే. ఇంకా ముందు చక్రం సైజు కూడా తోడవుతుంది. 21 అంగుళాల చక్రం గుంత అంచును తక్కువ కోణంలో తాకి సులువుగా ఎక్కేస్తుంది, 17 అంగుళాల చక్రం అదే గుంతలో దిగబడి కుదుపుతుంది. అందుకే హిమాలయన్, హీరో ఎక్స్‌పల్స్ ముందు చక్రాలు 21 అంగుళాలు. తారు రోడ్డు మీద మలుపులు తిరగడానికి మాత్రం చిన్న చక్రమే చురుగ్గా ఉంటుంది. సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్‌లో ముందు 19 అంగుళాలు పెట్టారు. మంచి తారు ఎక్కువ, పాడైన రోడ్డు కొంచెం అన్న మన పరిస్థితికి 19 చాలా మంచి రాజీ అని నా అభిప్రాయం. ఇంట్లో వద్దన్నా ప్రతి వానకాలం గిరిజన గ్రామాల మట్టి దారుల్లో దిగేవాళ్లయితే 21కే వెళ్లండి.

ఇక సీటు ఎత్తు. షోరూం నేల సమంగా ఉంటుంది. అక్కడ 825 మిల్లీమీటర్ల సీటు మీద కూర్చుని మునివేళ్లు ఆనించి "సరిపోయింది" అనుకుంటాం. ఘాట్‌లో ట్రాఫిక్ ఆగినప్పుడు రోడ్డు వాలు ఉన్న వైపు నేల ఇంకో రెండంగుళాలు కింద ఉంటుంది, వెనక ఇరవై కిలోల సామాను ఉంటుంది, సీటు మీద ఇంకో మనిషి ఉంటారు. 196 కిలోల హిమాలయన్ 450 అలాంటి చోట ఒక పక్కకు ఒరిగిందంటే కాలితో ఆపడం అందరి వల్లా కాదు. అయిదున్నర అడుగుల లోపు ఎత్తున్నవాళ్లు ఈ విషయంలో మొహమాటపడకూడదు. 765 మిల్లీమీటర్ల సీటున్న మీటియార్, 158 కిలోల దరిదాపుల్లో ఉండే ఎక్స్‌పల్స్ 200 ఎందుకు అమ్ముడవుతున్నాయో ఇందులోనే ఉంది. ఎక్స్‌పల్స్ సీటూ 825 మిల్లీమీటర్లే, కానీ బండి తేలిక కాబట్టి ఒరిగినా నిలబెట్టుకోగలం.

సామాను ఎలా కడతామన్నదీ బరువు లెక్కలోదే. బరువైనవి కింద, సీటుకు దగ్గరగా ఉండాలి. నీళ్ల సీసాలు, టూల్స్ అన్నీ టాప్ బాక్స్‌లో పెట్టి తోకలా వెనక్కి వేలాడదీస్తే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. ఇద్దరు ఎక్కుతున్నప్పుడు వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగింపు) పెంచుకోవాలి, టైరు గాలిని చైన్ కవర్ మీదనో, స్వింగ్ ఆర్మ్ మీదనో అంటించిన స్టిక్కర్‌లో చెప్పినంత పట్టించాలి. ప్రీలోడ్ పెంచకపోతే వెనక భాగం కుంగి హెడ్‌లైట్ ఆకాశం వైపు చూస్తుంది. శీతాకాలంలో కోరాపుట్ పొగమంచులో అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. వెనక కూర్చునేవారికి హెల్మెట్ తప్పనిసరి. ఇది చలానా గురించి చెబుతున్న మాట కాదు.

పెట్రోలు, పంక్చరు, మెకానిక్

ట్యాంకు ఎంత పెద్దదన్నది ఒక్కటే చూస్తే మోసపోతాం. వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ ట్యాంకు 12 లీటర్లే, కానీ లీటరుకు 35 వరకు ఇస్తే 400 కిలోమీటర్లు దాటుతుంది. సూపర్ మీటియార్‌ది 15.7 లీటర్లు, 25 ఇస్తే 390 దగ్గర ఆగుతుంది. హిమాలయన్ 450కి 17 లీటర్లు, దీనికి 28 వేసుకున్నా 470 పైన వెళ్తుంది. డామినార్‌కి 13 లీటర్లే, కాబట్టి 350 దగ్గర పంపు వెతుక్కోవాలి. ఇందులోంచి మూడు లీటర్లు ఎప్పుడూ లేనట్టే లెక్కేసుకోండి. మల్కన్‌గిరి వైపు, గజపతి కొండల్లో పంపులు దూరం దూరంగా ఉంటాయి, చిన్న చోట్ల చీకటి పడితే మూసేసి ఉండొచ్చు. ఇప్పుడు అమ్మే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌లో శక్తి అదే పరిమాణం పెట్రోలులో ఉండేదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. అందువల్ల పాత రివ్యూల్లో చూసిన మైలేజీ కంటే కొంచెం తగ్గించి లెక్క వేసుకోవాలి. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే రబ్బరు పైపులు, సీళ్లు ఎలా ఉన్నాయో మెకానిక్‌తో చూపించుకోండి.

పంక్చరు గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే కొండ దారిలో టెన్షన్ పెట్టేవాటిలో మొదటిది అదే. అల్లాయ్ చక్రాలకు ట్యూబ్‌లెస్ టైర్లు ఉంటాయి. మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, ఇరవై నిమిషాల్లో మీరే ప్లగ్ కొట్టి చిన్న పంపుతో గాలి నింపి బయలుదేరొచ్చు. స్పోక్ చక్రాలు గుంతల దెబ్బకు బాగా తట్టుకుంటాయి, వంగినా సరిచేయించుకోవచ్చు. అల్లాయ్ పగిలితే అక్కడితో సరి. కానీ మామూలు స్పోక్ చక్రంలో ట్యూబ్ ఉంటుంది, అది పంక్చరైతే చక్రం ఊడదీయాలి, టైరు విప్పాలి. హిమాలయన్ 450 మొదట ట్యూబ్ చక్రాలతోనే వచ్చింది. తర్వాత ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు కూడా ఇస్తున్నారు. డబ్బు ఎక్కువైనా ఆ చక్రాలు తీసుకోమని చెబుతాను. లైట్లకో, క్రాష్ గార్డుకో పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్లించండి.

ట్యూబ్ టైర్ల బండే కొన్నవాళ్లు ఒక్కసారైనా ఇంటి దగ్గర చక్రం విప్పి బిగించడం నేర్చుకోవాలి. సెంటర్ స్టాండ్ ఉంటే ఈ పని సగం సులువు. సెంటర్ స్టాండ్ చైన్‌కి కూడా కావాలి. ప్రతి 500 కిలోమీటర్లకూ, వానలో వెళ్తే అంతకంటే ముందే, చైన్ తుడిచి లూబ్ వేయాలి. మన ఎర్రమట్టి బురద ఒకసారి చైన్‌లో చేరిందంటే స్ప్రాకెట్ పళ్లు అరగడం మొదలవుతుంది.

సర్వీస్ సంగతి. కొనేముందు షోరూం వాళ్లను కాకుండా మీ ఊరి మెకానిక్‌ను అడగండి: "అన్నయ్యా, ఈ బండి నీ దగ్గరికి తెస్తే విప్పుతావా?" ఆయన విప్పుతానంటే ఆ బండికి పది మార్కులు ఎక్కువ. హీరో, బజాజ్ బండ్లంటే చిన్న టౌన్లలోనూ చేతులు వేస్తారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ గాలితో చల్లబడే పాత ఇంజిన్లు మన వైపు మెకానిక్‌లకు బాగా అలవాటు. రేడియేటరు, సెన్సార్లు, రైడ్ మోడ్‌లు ఉన్న బండికి ల్యాప్‌టాప్ పెట్టి చూసే వర్క్‌షాప్ కావాలి, అది చాలామందికి వైజాగ్‌లోనో, బరంపురంలోనో ఉంటుంది. సర్వీస్‌కి వెళ్లిరావడమే ఒక రోజు ప్రయాణమైతే ఏడాదికి ఎన్నిసార్లు వెళ్లాలి, ఉద్యోగంలో ఎన్ని సెలవులు పోతాయి అన్నది కూడా బండి ధరలో కలపాలి. మా స్నేహితుడొకరు ఇష్టపడి తెచ్చుకున్న బండి క్లచ్ ప్లేట్ల కోసం వారాల తరబడి షెడ్డులో ఉండిపోయింది. బండి మంచిదే, స్పేర్ పార్టు ఇక్కడికి రాలేదు. ఏ బండి కొన్నా ఒక క్లచ్ కేబుల్, బ్రేక్, క్లచ్ లివర్లు, ఫ్యూజులు, పంక్చరు ప్లగ్ కిట్ సీటు కింద ఉండాల్సిందే.

350 సీసీ దగ్గర గీసిన గీత

2025 సెప్టెంబర్ 22 నుంచి మోటార్‌సైకిళ్ల జీఎస్టీ మారింది. 350 సీసీ వరకు 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు పైన ఉన్నవాటికి అంతకుముందు 28 శాతం పన్ను, 3 శాతం సెస్సు కలిపి 31 ఉండేది, ఇప్పుడు 40 అయింది. అంటే 349 సీసీ బండికీ, 373 సీసీ బండికీ మధ్య పన్నులోనే 22 శాతం తేడా. ఈ గీత వచ్చాక 250, 350 సీసీ బండ్ల విలువ బాగా పెరిగింది. పన్ను వల్ల మిగిలిన డబ్బుతో మంచి రెయిన్ సూటు, మోకాలి గార్డులు, నాణ్యమైన టైర్లు, ఒక వారం ప్రయాణం ఖర్చు వచ్చేస్తాయి. 450కి వెళ్లడానికి మీకు గట్టి కారణం ఉంటే వెళ్లండి. ఇద్దరు సామానుతో పెద్ద ప్రయాణాలు చేయడం గట్టి కారణం. పక్కింటి అబ్బాయి కొన్నాడన్నది కాదు.

లడఖ్ ఇంకో కారణంగా వినిపిస్తుంది. ఆదివారం రాయగడ మజ్జిగౌరమ్మ గుడి దగ్గర పూజకు తెచ్చిన కొత్త బండ్ల చుట్టూ నిలబడితే ఈ మాట వినబడకుండా ఉండదు: "ఇది లడఖ్ ఎక్కేస్తుందా, బావా?" ఎక్కుతుంది. 100 సీసీ బండ్ల మీద వెళ్లొచ్చినవాళ్లు ఉన్నారు. 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా దగ్గర గాలి ఒత్తిడి సముద్ర తీరంలో ఉండేదానిలో సుమారు సగం. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆ గాలికి తగ్గట్టు పెట్రోలు సరిచేస్తుంది తప్ప లేని గాలిని తేలేదు కాబట్టి ఏ ఇంజినైనా తన బలంలో చాలా భాగం కోల్పోతుంది. 40 హార్స్ పవర్ ఉన్నవాడికి అక్కడ కూడా కొంత మిగులుతుంది, అది నిజమే. కానీ లేహ్‌లో అద్దె బండ్లు దొరుకుతాయి. జీవితంలో ఒకసారి చేసే ఆ పది రోజుల కోసం మిగతా సంవత్సరాలన్నీ మీ ఎత్తుకు, మీ రోడ్డుకు సరిపడని బండి మీద తిరగాల్సిన పని లేదు.

మరి ఎవరికి ఏది?

ఒంటరిగా తిరిగే కుర్రాడు, ఉండేది కోరాపుట్ లేదా రాయగడ, వారాంతాల్లో దేవమాలి, గుప్తేశ్వరం, అరకు, అప్పుడప్పుడు వైజాగ్: ఎక్స్‌పల్స్ లేదా వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, అక్కడికి వెళ్లడానికి 26 హార్స్ పవర్ ధారాళంగా సరిపోతుంది. మట్టి ఎక్కువైతే ఎక్స్‌పల్స్, హైవే ఎక్కువైతే సుజుకి. ఎక్స్‌పల్స్ 200 హైవే మీద 80 దాటితే ఆయాసపడుతుంది, ఆ సంగతి తెలిసే కొనాలి.

నలభై దాటినవాళ్లు, సునాబేడా హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలోనో, దామన్‌జోడీ నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీలోనో ఉద్యోగం, సెలవులకు భార్యతో కలిసి శ్రీకాకుళం, రాజమండ్రి వైపు సొంతూరు ప్రయాణం, తొందర లేదు: మీటియార్ 350 గానీ, హోండా సీబీ 350 గానీ. ఎత్తు తక్కువ, మెకానిక్ దొరుకుతాడు, పన్ను తక్కువ. మీటియార్ మీద వెనక కూర్చునేవారికి బ్యాక్ రెస్టు పెట్టిస్తే ఆమె కూడా మళ్లీ వస్తానంటారు. నేను చాలామందికి చెప్పేది ఇదే, ఇందులో చాలామంది సంతోషంగా ఉన్నారు.

ఇద్దరు, సామాను, ఏడాదికి రెండు పెద్ద ప్రయాణాలు, హంపీ దాకానో, కచ్ దాకానో: హిమాలయన్ 450. మీ ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు దాటి, ట్యూబ్‌లెస్ చక్రాలతో తీసుకుంటే మన రోడ్లకు ఇంతకంటే సర్దుకుపోయే బండి ఈ ధరలో నాకు కనిపించలేదు. బరంపురం, పర్లాకిమిడి వాళ్లు, ఎక్కువగా 16వ నంబరు హైవే మీదనే తిరిగేవాళ్లు డామినార్ 400ని తప్పకుండా నడిపి చూడాలి. సాఫీ రోడ్డు మీద అది ఇచ్చే సుఖానికి పెట్టే డబ్బు తక్కువ. డబ్బుకు ఇబ్బంది లేదు, ఘాట్లు తక్కువ, ఇంజిన్ నున్నగా నడవాలి అనుకుంటే ఎన్‌ఫీల్డ్ 650లు.

పాత హిమాలయన్ 411 సెకండ్ హ్యాండ్‌లో చాలా దొరుకుతోంది. 2016లో వచ్చి 2023 చివర్లో 450కి చోటిచ్చిన బండి అది. 24 హార్స్ పవరే, కానీ 32 ఎన్‌ఎం కింది ఆర్‌పీఎంలోనే వస్తుంది, సీటు 800 మిల్లీమీటర్లే, మెకానిక్‌కి తెలిసిన ఇంజిన్. మన ఘాట్లకు ఇది ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. స్టీరింగ్ బేరింగులు, వెనక షాక్ అబ్జార్బర్, చైన్ సెట్ చూసుకుని, వీలైతే 2020 తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండి తీసుకోండి.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. సెకండ్ హ్యాండ్ బండి వైజాగ్‌లోనో, విజయనగరంలోనో దొరుకుతుంది, మన ఇల్లేమో ఒడిశాలో. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. దానికి అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కావాలి, ఇక్కడ రోడ్ ట్యాక్స్ కట్టాలి, అక్కడ కట్టినదానిలో మిగిలింది వెనక్కి తెచ్చుకోవడానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. లోను ఉంటే ముందు బ్యాంకు కాగితం. ఈ ఖర్చంతా బేరం ఆడేటప్పుడే కలపండి. ఎన్‌ఓసీ అమ్మేవాడి చేత తీయించాకే మిగతా డబ్బు ఇవ్వండి.

కొత్తదైనా పాతదైనా టెస్ట్ రైడ్ షోరూం చుట్టూ ఒక రౌండ్‌తో సరిపెట్టుకోకండి. స్నేహితుల్లో ఎవరికైనా ఆ బండి ఉంటే ఒక పూట అడగండి, పెట్రోలు మీరే పోయించండి. వెనక కూర్చోబోయే మనిషిని ఎక్కించుకుని, సామాను కట్టుకుని, మీకు దగ్గర్లో ఉన్న ఘాట్ ఎక్కి దిగండి. ఏటవాలు మలుపులో ఆపి మళ్లీ కదిలించండి. ఎక్కడైనా చోటు చూసి బండిని వెనక్కి తోసి తిప్పండి. రెండు గంటల తర్వాత దిగి నడుము, మణికట్లు, పిరుదులు ఎలా ఉన్నాయో చూసుకోండి. వెనక కూర్చున్నవారిని కూడా అడగండి, వాళ్ల మాట మీ మాటతో సమానంగా తీసుకోండి. అడ్వాన్స్ ఇచ్చేది ఆ తర్వాతే.